తాతయ్య తెచ్చిన ఇరాన్ తివాచీకి చిమ్మట పట్టింది. ఏం చేయమంటారు?

అటకమీదపెట్టె (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. మా తాతయ్య 1974 నుంచి నాలుగేళ్లు ఇరాన్‌లో అబాదాన్‌లో పనిచేశారు. అక్కడ గొడవలు ముదరగానే 1978 చివర్లో వచ్చేశారు. వస్తూ ఒక సమోవారు (నిప్పులు వేసి టీకి నీళ్లు కాచే పాత్ర), ఒక తివాచీ తెచ్చారు. సమోవారు పెద్దత్త వాళ్లింటికి వెళ్లింది, తివాచీ మాకు మిగిలింది. సుమారు 6 అడుగులు, 4 అడుగులు ఉంటుంది. "ఇస్ఫహాన్ పట్టు తివాచీ, తొక్కకండి" అంటూ నానమ్మ దాన్ని పండక్కి తప్ప పరిచేది కాదు. ఆవిడ పోయాక మడతపెట్టి, కలరా ఉండలు వేసి, ట్రంకు పెట్టెలో అటకెక్కించాం. పదకొండేళ్లయింది.

మొన్న దించి చూస్తే ఏడుపొచ్చింది. మడత లోపల అరచేయంత మేర నూగు పోయి తెల్ల దారాలు బయటపడ్డాయి. ఒకచోట రెండు వేళ్లు దూరేంత చిల్లు. బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్లు రాలుతున్నాయి. ఒక పక్క కుచ్చులు ఊడి అంచు విడిపోతోంది. మూలన మా పాత కుక్కగారి మరక సరేసరి. దగ్గర్లోని డ్రైక్లీనింగ్ షాపతను "కెమికల్ వాష్ చేసి, ఆ కుచ్చులు కోసేసి కొత్తవి మెషీన్ మీద కుట్టిస్తా" అన్నాడు. ఇవ్వమంటారా?

షార్జా_కరీంనగర్
ఇవ్వొద్దమ్మా. నేను షార్జాలో తివాచీలు కడిగి, బాగుచేసే షాపులో 22 ఏళ్లు పనిచేసి వచ్చిన. మా ఉస్తాద్‌లు ఇరాన్‌లోని మష్హద్, తబ్రీజ్ వాళ్లు. ముందు మూడు మాటలు వినండి.

కుచ్చులంటే పైన కుట్టిన అలంకారం కాదు, అవి పడుగు దారాల, అంటే నిలువు దారాల, కొసలు. తివాచీకి వెన్నుపూస లాంటివి. అవి కోసేసి లేసు కుట్టినట్టు కుడితే, ఆర్నెల్లలో చివరి పేక (అడ్డదారం) జారుతది, దాని వెనక ముడులు ఒక్కో వరసే ఊడి వస్తయి. మీకిప్పుడు విడిపోతున్న అంచు అదే. ఒక మామూలు సూది, తెల్ల నూలు దారం తీసుకుని, ఉన్న చివరి పేకను పట్టి వదులుగా కుట్లు వేసి ఆపండి. అందంగా ఉండనక్కర లేదు, జారకుండా ఉంటే చాలు.

రెండు, దాన్ని ఇప్పుడే ఇంట్లో మిగతా ఉన్ని, పట్టు బట్టలకు దూరంగా పెట్టండి. పట్టు చీరల బీరువా ఉన్న గదిలో అసలే వద్దు. మూడు, నీళ్లు తగలనీయకండి. ఎరుపు రంగు ఆగుతదో లేదో తెల్వకుండా కడిగితే గోవిందా.

వెనకవైపు ఫోటో పెట్టండి. ముందువైపు ఎవరినైనా మోసం చేస్తది గానీ వెనకవైపు చేయదు.

మ్యాట్_చాలు
ఒక కార్పెట్‌కి ఇంత టెన్షన్ ఎందుకండీ. 4000 పెడితే ఆన్‌లైన్‌లో అచ్చం ఇదే పర్షియన్ డిజైన్ వస్తుంది. మా ఇంట్లో ఉంది, మూడేళ్లుగా ఏమీ కాలేదు.

పడుగుపేక (చీరాల)
మీది తిరగేసి చూడండి. వెనక గుడ్డ అతికించి ఉంటే అది గన్‌తో గుచ్చి జిగురుతో పట్టించింది. వెనక గీతలన్నీ స్కేలు పెట్టి గీసినట్టుండి, కుచ్చులు విడిగా కుట్టి ఉంటే మిషన్‌ది. చేతిముడి తివాచీలో ముందున్న బొమ్మే వెనకా అంతే స్పష్టంగా కనపడుతుంది, ఎందుకంటే ఒక్కొక్క ఉన్ని దారాన్నీ రెండు పడుగు పోగుల చుట్టూ తిప్పి ముడేసి కోస్తారు. వరస ముడులు అయ్యాక పేక దూర్చి, ఇనుప దువ్వెనతో దబదబా కొడతారు. దాన్ని వాళ్లు దఫ్తీన్ అంటారు. మళ్లీ వరస. చీర మగ్గం మీద పెరిగిన నాకే ఆ ఓపిక చూస్తే కళ్లు తిరుగుతాయి. మీ మ్యాట్ మీద నాకే కోపమూ లేదు, కానీ రెండూ ఒకటి కాదు.

అటకమీదపెట్టె
వెనకవైపు ఫోటోలు పెట్టాను. అంగుళానికి ముడులు లెక్కపెట్టాను: అడ్డంగా 16, నిలువుగా 9. అంటే చదరపు అంగుళానికి 144 కదా? ముడుల మధ్య తెల్లటి చుక్కలు ఇటుక గోడలా ఒకటి విడిచి ఒకటి కనిపిస్తున్నాయి. ఇంకో విషయం, నీలం రంగు సగం దాకా ముదురుగా ఉండి, అక్కణ్నుంచి హఠాత్తుగా లేతబడింది. ఎండ తగిలి వెలిసిందా?

షార్జా_కరీంనగర్
కుచ్చులోంచి ఒక పోగు తెంపి, పట్టకారుతో పట్టుకుని, సింకులో కాల్చి వాసన చూసి చెప్పండి. వెంట్రుక కాలిన వాసనా, కాగితం కాలిన వాసనా? నూగులోంచి కూడా ఒక పోగు.

అటకమీదపెట్టె
కుచ్చు కాగితం వాసన. నూగు వెంట్రుక వాసన. కానీ పట్టు కాలినా వెంట్రుక వాసనే వస్తుందంటారు కదా, మరి ఇది పట్టేనా?

షార్జా_కరీంనగర్
చెప్తే బాధపడొద్దమ్మా. ఇది ఇస్ఫహాన్ కాదు, పట్టూ కాదు. హమదాన్ వైపు పల్లెల్లో నేసిన ఉన్ని తివాచీ.

ఎట్లంటే, కాగితం వాసన అంటే పడుగు నూలు. ఇస్ఫహాన్ మంచి సరుకులో చాలావాటికి పడుగే పట్టు ఉంటది. నూగు పట్టుదయితే కోణం మార్చి చూసినప్పుడు రంగు ముదురు లేత మారుతూ మెరుస్తది, మీ ఫోటోల్లో ఆ మెరుపు లేదు, వేళ్ల మధ్య పట్టుకుంటే బిరుసుగా ఉంటది చూడండి. ఇక ఆ తెల్ల చుక్కలు. వరసకు ఒక్కటే పేక వేస్తే, అది పడుగు పోగుల మీదుగా, కిందుగా పోతూ వెనకవైపు అట్ల చుక్కలు చుక్కలుగా కనపడతది. హమదాన్ పల్లెల గుర్తు అది. మిగతా చోట్ల ఎక్కువగా రెండు పేకలు వేస్తరు.

లెక్క కూడా సగం చేసుకోవాలె. అక్కడ వేసేది తుర్కీ ముడి. రెండు పోగుల మీదా పూర్తిగా చుట్టుకుంటది కాబట్టి వెనక ఒక్కో ముడికి రెండు బొడిపెలు కనపడతయి. మీ 16 అసలు 8. అంటే చదరపు అంగుళానికి 72 ముడులు.

నీలం వెలవలేదు. ఆ ఉన్ని అయిపోయి కొత్తగా నీలిమందు తొట్టిలో ముంచిన ఉన్ని అక్కణ్నుంచి మొదలయింది. దాన్ని అబ్రష్ అంటరు. చేతిరంగులకు అది సహజం. దాన్ని చూసి పారేసేవాళ్లుంటరు, దానికోసమే కొనేవాళ్లూ ఉంటరు.

అటకమీదపెట్టె
నలభై ఏళ్లుగా మా ఇంట్లో అందరూ కాళ్లు కడుక్కుని మరీ పక్కనుంచి నడిచిన తివాచీ ఇది. నాన్నకి చెబితే "మా నాన్నని మోసం చేశారన్నమాట" అని సాయంత్రమంతా మాట్లాడలేదు.

పడుగుపేక
మోసమని ఎందుకనుకోవాలి? 6×4 అంటే 24 చదరపు అడుగులు, 3456 చదరపు అంగుళాలు. 72తో గుణిస్తే దాదాపు రెండున్నర లక్షల ముడులు. రోజుకి ఎనిమిది వేలు వేసే చెయ్యి పడినా నెల రోజులు. మీ నాన్నగారికి ఈ లెక్క చెప్పండి.

నేను 2017లో చేనేత వాళ్ల బృందంతో కాషాన్, ఇస్ఫహాన్, తబ్రీజ్ తిరిగాను. అక్కడ ఊరిని బట్టి కొలతే మారిపోతుంది. తబ్రీజ్‌లో "ఎన్ని రజ్?" అని అడుగుతారు. సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని ముడులు పడ్డాయన్నది రజ్. 50 రజ్ అంటే మంచి సరుకు, 70 అంటే భూతద్దం పని. నాయీన్‌లో అలా అడగరు, "ఎన్ని లా?" అంటారు. ఒక్క పడుగు పోగు ఎన్ని దారాలు పేనితే అయిందో ఆ అంకె. 9 లా కన్నా 6 లా సన్నం, 4 లా మరీ సన్నం. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. మొదటిరోజు నేను తిరగేసి అర్థం చేసుకుని షాపులో నవ్వులపాలయ్యాను.

ఇంకో తమాషా. పుస్తకాల్లో పర్షియన్ ముడిని "సెన్నె ముడి" అంటారు. సెన్నె అంటే ఇప్పటి సనందజ్. ఆ ఊళ్లో నేసేదేమో తుర్కీ ముడి! పేరు పెట్టిన మహానుభావుడు ఆ ఊరు వెళ్లి ఉండడు. తబ్రీజ్‌లో చిన్న కొక్కెం ఉన్న కత్తితో ముడేస్తారు, అదే చేత్తో దారం కోస్తారు. టక్ టక్ మని, కంటికి ఆనదు. కాషాన్ ఇళ్లలో వేళ్లతోనే వేస్తున్నారు. 2010లో యునెస్కో ఫార్స్, కాషాన్ నేత పద్ధతులు రెండింటినీ వారసత్వ జాబితాలో చేర్చింది.

రంగులు అడిగితే ఒకావిడ వంటింట్లోంచి దానిమ్మ తొక్కలు తెచ్చి చూపించింది. పసుపుకి అవి, ఎరుపుకి రునాస్ వేరు (మన మంజిష్ఠకి దాయాది), గోధుమకి అక్రోటు పైతొక్క, నీలానికి నీలిమందు. మా పెడన వైపు అద్దకం వాళ్లకి ఇవేవీ వింత కాదు.

ఏలూరోణ్ణి
ఇరాన్ దాకా ఎందుకండీ, మా ఊరి సంగతి వినండి. 1679లో ఈస్టిండియా కంపెనీ అధికారి స్ట్రెయిన్షామ్ మాస్టర్ మచిలీపట్నం వైపు తిరుగుతూ ఏలూరులో ఆగి తన డైరీలో రాసుకున్నాడు: ఇక్కడ పర్షియా పద్ధతిలో మంచి తివాచీలు నేస్తున్నారు, నేసేవాళ్లు నూరేళ్ల కిందట పర్షియా నుంచి వచ్చినవాళ్ల సంతతి అని. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకి వెళ్లాయి. మనం గలీచా అనే మాట వాళ్ల ఖాలీచె, అంటే చిన్న తివాచీ. నగిషీ, రఫూ (చిరుగు కనపడకుండా పూడ్చే పని) అనే మాటలు కూడా అటునుంచి వచ్చినవే.

మా ఊళ్లో ఇప్పుడు ఆ మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దాని గురించి మొదలుపెడితే ఈ పోస్టు ఆగదు, వదిలేస్తున్నా.

మ్యాట్_చాలు
మరి మా అమ్మమ్మ దగ్గర వరంగల్ జంపఖానా ఉంది. అదీ ఇదేనా?

పడుగుపేక
కాదు. జంపఖానాలో ముడి ఉండదు, నూగు ఉండదు, పడుగూ పేకే. ఇరాన్‌లో అలాంటి నేతని గిలీమ్ అంటారు, అదయితే ఎక్కువగా ఉన్ని. మీ అమ్మమ్మగారిది నూలు కాబట్టి చిమ్మట బాధ లేదు, హాయిగా ఉతుక్కోండి. (మొత్తానికి తివాచీల గురించి అడుగుతున్నారు, సంతోషం.)

అటకమీదపెట్టె
ముందు ఈ పురుగు సంగతి చెప్పండి. మా పిన్ని వేపాకు పొగ వేయమంది. కలరా ఉండలు వేసినా ఎలా పట్టింది?

మ్యూజియం_మెట్లమీద
నేను వస్త్ర సంరక్షణ చదువుకుని కొన్నాళ్లు మ్యూజియంలో పనిచేశాను. తినేది రెక్కల పురుగు కాదండీ, దాని పిల్ల. ఉన్ని, పట్టు, వెంట్రుక, ఈకల్లో ఉండే కెరటిన్ వంటి ప్రొటీన్లే దాని తిండి, నూలు జోలికి మామూలుగా రాదు. అందుకే మీకు నూగు పోయి తెల్ల పడుగు మిగిలింది. చీకటి, కదలిక లేకపోవడం దానికి ఇష్టం. రోజూ తొక్కే తివాచీకి పట్టదు, సోఫా కింద ఉన్న భాగానికి పడుతుంది. మీ నానమ్మగారు దాన్ని పండక్కయినా పరిచి దులిపేవారు, మీరు పదకొండేళ్లు ముట్టుకోలేదు.

కలరా ఉండల ఆవిరి గట్టిగా మూసిన పెట్టెలో పేరుకుంటేనే ఏమైనా పనిచేస్తుంది. సందులున్న ట్రంకులో కొన్ని నెలలకే కరిగిపోయి ఉంటాయి. పైగా ఆ ఆవిరి మనకీ మంచిది కాదు. వేపాకు కొత్త పురుగుని కాస్త దూరం పెడుతుందేమో, లోపలున్న గుడ్లని చంపదు.

గడ్డకట్టించడం మేలు. చుట్టి, పాలిథిన్‌లో గాలి తీసేసి, సీలు వేసి, మైనస్ 18 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు. ఇంట్లో ఫ్రిజ్ పైఅర చాలదు. ఐస్‌క్రీమ్ గోడౌన్ వాళ్లెవరైనా తెలిస్తే బతిమాలండి, నేనొకసారి అదే చేశాను. బయటికి తీశాక వెంటనే కవరు విప్పొద్దు. గది వేడికి వచ్చేదాకా ఒక రోజంతా వదిలేయండి, లేకపోతే గాల్లో తేమంతా తివాచీ మీద నీళ్లవుతుంది.

గోదారిగట్టు
నేను చేసిన తప్పు చెబుతాను, ఇంకొకరు చేయకుండా. అత్తగారి కాశ్మీరీ తివాచీ డాబా మీద పరిచి, సర్ఫు నీళ్లు పోసి, ప్రెషర్ పంపుతో కొట్టి, తడిది అలాగే పిట్టగోడ మీద వేలాడేశాను. ఎరుపంతా తెలుపులోకి దిగి గులాబీ రంగయింది. బరువుకి ఒక పక్క సాగిపోయి ఇప్పటికీ నేల మీద అల తిరిగినట్టుంటుంది. అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు. అది ఇంకా భయం.

షార్జా_కరీంనగర్
బట్టల పౌడర్ క్షారం, ఉన్నికి శత్రువు. మేము కడిగే పద్ధతి చెప్తా. కడిగేముందు బోర్లా పరిచి వెనకనుంచి తట్టాలె. ఎడారి తివాచీల నుంచి ఇసుక బక్కెట్లకొద్దీ రాలేది. ఆ ఇసుకే పాదం కింద పడి ముడుల మొదళ్లను రంపంలా కోస్తది. తర్వాత ప్రతి రంగు మీదా తడి తెల్లగుడ్డ నిమిషం అదిమి చూడాలె. గుడ్డ తెల్లగా ఉంటేనే నీళ్లు. చల్లనీళ్లు, ఉన్నికి సరిపడే సాదా సబ్బు, నూగు వాలు వైపుకే బ్రష్షు. ఆఖర్న కాస్త వెనిగర్ కలిపిన నీళ్లు. ఆరబెట్టేది చదునుగా, గాలికి, తొందరగా.

కుక్క మరక మాత్రం మొత్తం పోదు. మూత్రం పోసినప్పుడు ఆమ్లం, నిలవయితే క్షారమైతది, రంగునే మార్చేస్తది. ఆ మూలన మెల్లగా వంచి చూడండి, చిటపట శబ్దం వస్తే లోపల నూలు కుళ్లినట్టు. వస్తే ఇక వంచకండి.

ఇంట్లో రోజువారీకి వాక్యూమ్ పెట్టొచ్చు, తిరిగే బ్రష్షు ఆపేసి, కుచ్చుల దగ్గరికి పోకుండా.

పాతబస్తీ_రఫూ
సలాం. మాది మూడు తరాల రఫూ పని. మా దాదా షేర్వానీలు, శాలువాలు చేసేవాడు, నేను తివాచీలూ చేస్తాను. మేడమ్, మీ చిల్లు పూర్తిగా నేసేయొచ్చు. వేలు పెట్టి వెతికినా దొరకదు. ముందు చిల్లు చుట్టూ వదులైన ముడులు విప్పి, గట్టి పడుగు కనపడేదాకా పోతాం. చెక్క చట్రం మీద మేకులతో బిగించి, కొత్త పడుగు పోగుల్ని సూదితో పాత ముడుల లోపలికి అంగుళం దాకా దింపుతాం. దాని మీద పేక, ఆ తర్వాత ఒక్కో ముడి. ఆఖర్న కత్తెర. చదరపు అంగుళం లెక్కన తీసుకుంటాం.

మ్యూజియం_మెట్లమీద
భాయ్, మీ చేతిపనికి దండం. కానీ నాకొక అభ్యంతరం ఉంది. దొరకని రఫూ అంటేనే నాకు భయం. అర్దబీల్ తివాచీ కథ అందుకు కారణం.

అవి ఇరాన్‌లో నేసిన జంట తివాచీలు. హిజ్రీ 946 అని, అంటే 1539-40, మఖ్సూద్ కాషానీ పేరుతో సహా నేసి ఉంది. పట్టు పడుగు, ఉన్ని నూగు, పదిన్నర మీటర్ల పొడవు. 19వ శతాబ్దం చివర్లో రెండూ అరిగిపోయి ఇంగ్లండుకు చేరాయి. వ్యాపారులు ఒకదాన్ని కోసి రెండోదాని చిల్లులు పూడ్చారు. అతుకు ఎంత బాగా కుదిరిందంటే, 1893లో పేరున్న ఇంగ్లిష్ డిజైనర్ విలియం మోరిస్ చూసి లోపమే లేదన్నంతగా పొగిడాడు. ఆయన మాట మీద లండన్ మ్యూజియం 2000 పౌండ్లకి కొంది. కోసిన జంట తివాచీ ఇంకోటి ఉందన్న సంగతే వాళ్లకి చెప్పలేదు. బోర్డరు పోగొట్టుకున్న ఆ కోసిన తివాచీ చేతులు మారి మారి, 1953లో అమెరికా చమురు కోటీశ్వరుడు గెట్టీ ఇస్తే లాస్ ఏంజెలెస్ మ్యూజియం చేరింది. లండన్‌లో ఉన్నదాన్ని ఇప్పుడు గాజు పెట్టెలో, చీకట్లో ఉంచుతారు. గంటకి రెండుసార్లు, పదేసి నిమిషాలు మాత్రమే దీపం వేస్తారు.

ఏది పాతదో ఏది అతుకో చూడ్డానికి వచ్చేవాడికి తెలియాలి. చిల్లు కింద రంగు కలిసే గుడ్డ పెట్టి కుట్టి ఆపండి, చాలు.

పాతబస్తీ_రఫూ
మేడమ్ తివాచీ గాజు పెట్టెలో ఉండదు కదా. పిల్లలు తొక్కుతారు. గుడ్డ మీద ఆపిన చిల్లు రెండు నెలల్లో కాలి బొటనవేలికి తగిలి పెద్దదవుతుంది. ఇంకొకరి తివాచీ కోసి దీనికి అతికిస్తానని నేను అనలేదు. కొత్త ఉన్నితో నేస్తాను.

షార్జా_కరీంనగర్
ఇద్దరిదీ సరే. గోడకయితే మ్యూజియం మాట, నేలకయితే రఫూ మాట. నూగు మాత్రమే పోయి పడుగు పేక గట్టిగా ఉన్నచోట ముడులేస్తే చాలు. కొందరు అక్కడ పెన్నుతో, రంగుతో పూసేస్తరు. అడిగి రాయించుకోండమ్మా, రంగు పూయొద్దని. తడి దూదితో రుద్దితే ఊడేది పని కాదు, మేకప్పు.

డల్లాస్_నుంచి
మధ్యలో వస్తున్నందుకు సారీ. మా అమ్మ దగ్గరా ఒకటుంది, ఇక్కడికి తెప్పించుకోవచ్చా?

పడుగుపేక
ఇరాన్ సరుకయితే జాగ్రత్త. అమెరికా 1987లో ఆపింది, 2000లో తెరిచింది, 2010లో మళ్లీ ఆపింది, 2016లో తెరిచి 2018 ఆగస్టులో మళ్లీ మూసింది. పార్సిల్ వేసేముందు కస్టమ్స్ వ్యవహారాలు తెలిసినవాళ్లని అడగండి.

అటకమీదపెట్టె (నాలుగు నెలల తర్వాత)
అందరికీ థాంక్స్, పని అయింది. ఐస్‌క్రీమ్ గోడౌన్ దొరకలేదు, చేపల ఎగుమతి చేసే బంధువుల కోల్డ్ స్టోరేజీలో రెండు వారాలు ఉంచాం. వాసన రాలేదు, నాన్న మాత్రం వస్తోందనే అంటున్నారు. కుక్క మూలలో చిటపట వినిపించింది, అందుకే అక్కడ ఏమీ చేయకుండా వెనక గుడ్డ కుట్టించాం. చిల్లు రఫూ భాయ్ నేశారు. పాత ఉన్ని కొస వెలిసి, మొదలు ముదురుగా ఉంది, కొత్త ఉన్ని ఏ రంగుకి కలపాలని అడిగారు. కొసకే కలపమన్నాను. మ్యూజియం గారి మాట కూడా తీసేయలేదు, వెనకవైపు చిల్లు చుట్టూ సన్న తెల్లదారంతో గీతలా కుట్టించాను. తిరగేస్తే తెలుస్తుంది.

అసలు సంగతి ఇది. కడగడానికి ముందు తట్టినప్పుడు బోర్డరు దగ్గర ఇంకో పాత కుట్టు కనిపించింది. ఆకుపచ్చ దారం, అడ్డదిడ్డంగా. "ఇది ఎవరో అనాడీ పని, విప్పేయనా?" అన్నారు భాయ్. నాన్న దగ్గరికొచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. అది నానమ్మ జాకెట్లు కుట్టుకునే దారమట. సమోవారులో నిప్పులు వేస్తుంటే ఒకటి ఎగిరిపడి కాలిందట, తాతయ్యకి తెలియకుండా ఆవిడే కుట్టేసిందట.

పాతబస్తీ_రఫూ
నేను ముట్టుకోలేదు. దాని పక్కన రెండు పేకలు వదులుగా ఉంటే బిగించాను, అంతే. దానికి డబ్బు లెక్క కట్టలేదు.

మ్యూజియం_మెట్లమీద
మంచి పని చేశారు. ఇప్పుడు ఎక్కడ పరిచారు?

అటకమీదపెట్టె
హాల్లోనే. అందరం తొక్కుతున్నాం. ఊరెళ్లేటప్పుడు చుట్టి పెట్టాలంటే నూగు లోపలికా, బయటికా?

షార్జా_కరీంనగర్
మా షాపులో లోపలికే చుట్టేవాళ్లం.

మ్యూజియం_మెట్లమీద
మేము బయటికి. లావు గొట్టం మీద, నూగు వాలు వైపుకి, పైన నూలు దుప్పటి. ప్లాస్టిక్ వద్దు. షార్జా అన్నా, ఇప్పుడు దీని మీద మొదలుపెడదామా?